పాట, బాట, మాట: శబ్దగ్రహణమునఁ గంటి పాలు

చెవిటివాని ముందు శంఖ మూఁదిన సామెత తెలుఁగునాఁట నెల్లరు నెఱిఁగినదే. దాని వెనుకఁ జిన్న కథ కలదు. ఒకఁడు శంఖమును నోటఁ బెట్టి బుగ్గలు పూరించి యూఁదుచుండఁగాఁ జూచిన చెవిటివాఁడు, ఎముక కొఱుకుచున్నావా యని యడిగెనఁట. విన్నవారు నవ్వుదురు. కాని యా ప్రశ్నలో నవ్వఁదగినది కొంచెమే, విచారింపఁదగినది మిక్కిలి. తెల్లని గట్టి వస్తువు పెదవులను తాఁకియుండుటయు, బుగ్గ లుబ్బుటయు, మెడనరములు బిగియుటయు వాఁడు చూచినాఁడు, చూచినదానినుండి యూహించినాఁడు. చెవి యుడిగిన చోటఁ గన్ను పనికిఁ బూనుకొన్నది. అది తప్పిన చోటుగూడ నియమము లేక తప్పలేదు. ఆ నియమ మెట్టిదో తెలియుటకు వ్యాకరణశాస్త్రమున నొక సూత్రము చాలును. ఆ సూత్రము చెవిటివారిని గూర్చి చెప్పినది కాదు.

శబ్దము శ్రోత్రమునకే విషయమని పూర్వుల సిద్ధాంతము. పతంజలి మహాభాష్యమున, ప్రత్యాహారసూత్రవిచారసందర్భమున, శబ్దము చెవిచేఁ దెలియఁబడునదనియు, బుద్ధిచే గ్రహింపఁబడునదనియు, ప్రయోగముచే వెలుఁగునదనియు, ఆకాశ మాశ్రయముగాఁ గలదనియు నిరూపించెను. తార్కికులును శబ్దము శ్రోత్రమాత్రగ్రాహ్యమైన గుణమనిరి. ఇందుఁ గంటికిఁ జోటు లేదు. అయినను జగిత్యాలకు ఉత్తరముగా గోదావరి యొడ్డుననున్న ధర్మపురివంటి క్షేత్రములందుఁ దరతరములుగా సాగిన వేదాధ్యయనముయొక్క శిక్షాశాస్త్రమును జూచినచో సంగతి యింత తేలికగాఁ దోఁపదు. పాణినీయశిక్ష వ్రాసినదానిని జూచి చదువువానిని అధమపాఠకులు ఆర్వురలో నొకనిగా లెక్కించినది. అదే గ్రంథము చేతితో స్వరమును జూపక వేదము చదువుటను గూడ దూషించినది. మొదటి నియమము కన్నును వెలివేసినట్లున్నది. రెండవది దానిని బిలిచి కూర్చుండఁబెట్టినది. శిక్షాకారుఁడు నిషేధించినది లిపికి దాసుఁడైన కంటినేగాని, పలుకువాని దేహమును గనిపెట్టి యుండు కంటిని గాదు.

ఈ భేదము పండితసభలకంటె నెక్కువగా నేఁడు పరీక్షకు వచ్చుచున్న సీమ యొకటి కలదు. పూర్వము ఎలగందుల సర్కారుగా నుండి, పిదపఁ గరీంనగరు జిల్లాయై, 2016 అక్టోబరు 11వ తేదీని జగిత్యాల, రాజన్న సిరిసిల్ల మున్నగు జిల్లాలుగా విడివడిన ప్రాంత మది. కోరుట్ల జగిత్యాల జిల్లాలోని పట్టణము. సిరిసిల్ల మానేటి చేరువనున్న నేఁతవారి యూరు. మూఁడూళ్లకును నడుమ దూరము తక్కువ. పనిపాటల చప్పుడులో మాత్రము హస్తిమశకాంతరము.

సిరిసిల్ల పద్మశాలీలకు గుంటమగ్గపుఁ జప్పుడు పుట్టుకతో వచ్చినది. పలుగాడి చప్పుడుకును నాడె పరుగునకును నడుమ మాట సాగెడిది, పాటయు సాగెడిది. బ్రదుకుతెరువు వెదకికొని భీవండి, షోలాపురము, బొంబాయి పట్టణములకు వలసపోయిన కుటుంబములు అక్కడ మరమగ్గమును నేర్చినవి. గడచిన శతాబ్ది యుత్తరార్ధమున నా మరమగ్గములు సిరిసిల్లకు వచ్చి పెరిగినవి. అక్కడివారు వానిని సాంచెలని పిలుతురు. ఈ శతాబ్ది తొలిదశకములలో వాని సంఖ్య సుమారు 30,000 అని చెప్పుట పరిపాటియైనది. చేతిమగ్గమున మనుష్యుని చేయి విసరెడి నాడెను సాంచెయందుఁ గొయ్యచేయి కొట్టును. నిమిషమునకు 100 సార్లకు మించి కొట్టును; కొట్టిన ప్రతిసారియు నెదుటి పెట్టెలో నాడె ఢీకొని నిలుచును. ఒక్కొక్క పనివాని కనేక సాంచెలుండును, ఒక్కొక్క కార్ఖానాలో ననేకులు పనివాండ్రుందురు. రేకులకప్పు క్రింద నా మ్రోఁత యంతయుఁ దిరిగి తిరిగి మీఁదఁ బడును. నాడె గల మరమగ్గముల శాలలలో నాదతీవ్రత సాధారణముగా 95 మొదలు 105 డెసిబెళ్ల వఱకు నుండునని నాదమును గొలిచినవారు చెప్పుదురు.

డెసిబెల్ లెక్క సంఖ్యలను గూడినట్లు కూడునది కాదు. 10 డెసిబెళ్లు పెరిగినచో నాదశక్తి పదిరెట్లగును. దినమునకు 8 గంటలు పనిచేయువానికి 90 డెసిబెళ్లు హద్దని భారతదేశపు కర్మాగారముల నమూనా నియమములు నిర్ణయించినవి. 95 అయినచో 4 గంటలు, 100 అయినచో 2 గంటలు మాత్రమే. సిరిసిల్లలో 12 గంటల పాళి వాడుక. లెక్క యెవరైన వేసికొనవచ్చును. 1948 నాఁటి కర్మాగారశాసనము మ్రోఁతవలనఁ గలిగిన చెవుడును తెలియఁజేయవలసిన వ్యాధులలోఁ జేర్చినది. కాని యంత్రశక్తిగల చోట 10 మంది పనివాండ్రున్నచోటికే యా శాసనము వర్తించెడిది. నాలుగైదు సాంచెలు పెట్టుకొన్న ఆసామి యింటి వసారా దానికందదు. చెవి మాత్రము పదుగురున్నచోటఁ బోయినట్లే నలుగురున్నచోటను బోవును.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. ఇటలీదేశపు వైద్యుఁడు రమజ్జిని 1713లోఁ బ్రకటించిన తన గ్రంథపు రెండవ కూర్పులో, వెనీసు నగరపుఁ గంచరివాండ్రు దినమెల్ల రాగిని గొట్టుచు వృద్ధాప్యమునఁ బూర్తిగాఁ జెవుడువడుదురని వ్రాసెను. గ్లాస్గోలో థామస్ బార్ అను వైద్యుఁడు 1886లో 100 మంది బాయిలరు పనివాండ్రను, 100 మంది యినుము పోఁతపోయువారిని, 100 మంది తపాలా బంట్రోతులను బరీక్షించెను. బాయిలరు పనివాండ్రలో వినికిడి సరిగా నున్నవాఁ డొక్కఁడును దొరకలేదు. ఈ చెవుడునకు నొప్పి లేదు, చీము లేదు, వెలుపలఁ గానవచ్చు గుఱుతు లేదు. చెవిలోని నత్తగుల్లవంటి భాగమున నుండు సన్నని రోమకణములు చచ్చును. చచ్చినవి మరల మొలవవు. అన్నిటికంటె ముందుగా దెబ్బతినునవి 4,000 హెర్ట్జుల చుట్టుప్రక్కల నుండు హెచ్చుశ్రుతులను బట్టు కణములు. అందుచేత నేఁతగాఁడు తనకుఁ జెవుడు వచ్చినదనుకొనఁడు. జనులు నోరు తెఱవక గొణుగుచున్నారనుకొనును. ఇంటివారు వాఁడు పరాకుగా నున్నాఁడనుకొందురు.

పరాకు కాదది, వ్యంజనలోపము. స్వరములు తమంతఁ దాము ప్రకాశించుననియు, వ్యంజనములు వానిననుసరించి నడచుననియు భాష్యకారుఁడు చెప్పినమాట యిచ్చటఁ బ్రత్యక్షమగును. అచ్చుల బలము తక్కువశ్రుతులలో నుండును. అది చెవిటి నేఁతగానికిని దాదాపు పూర్తిగా నందును. హల్లులలో ఊష్మములగు శ, ష, సలును, పరుషములగు క, చ, ట, త, పల విడుపుననుండు చిఱుగాలియు హెచ్చుశ్రుతులవి. వానికి మొదట వాఁత పడును. 'సరి' యనినను, 'చరి' యనినను, 'తరి' యనినను ఆ చెవికి 'అరి' వంటి దేదో వినఁబడును. మాట యున్నదని తెలియును. ఏ మాటయో తెలియదు. 'వినఁబడుచున్నది గాని తెలియుట లేదు' అని చెవి తగ్గినవారందఱు నేల చెప్పుదురో దీనివలన విశదము. వారు చెప్పునది యక్షరాల నిజము. ఎదుటివారు గట్టిగా నఱచినచో అచ్చులే పెరుగును. పోయిన హల్లు పోయినట్లే యుండును.

ఇఁకఁ గంటి మాట. నేఁతశాల యెచ్చట నున్నను అందుఁ బనిచేయువారు పెదవులను జూచి మాటలాడుకొనుట నేర్చుకొనిరి. ఇంగ్లండున లంకషైరు సీమ నేఁతకత్తెలు ధ్వని లేకయే నోటిని విపరీతముగాఁ గదలించి శాలకు ఆ చివరనున్నవారితో ముచ్చటించెడివారు. ఆ పలుకుబడికి వారిలో 'మీ-మా' అను ధ్వన్యనుకరణముతోఁ గూడిన పేరుండెడిది. స్కాట్లండున జనుపనార మిల్లులలో చేతిసైగలతోఁ గూడిన భాషయే యేర్పడినది. ఒకరు చెప్పి నేర్పకయే యిది యెల్లచోటుల నేర్పడుటకుఁ గారణ మేమి? కంటి కేమి కనఁబడును, ఏమి కనఁబడదు?

ఇచ్చటనే పైఁ జెప్పిన సూత్రము వచ్చును. అష్టాధ్యాయి ప్రథమాధ్యాయ ప్రథమపాదమునఁ దొమ్మిదవ సూత్రమున పాణిని సవర్ణసంజ్ఞను విధించెను. నోటిలోని స్థానమును, ఆభ్యంతరప్రయత్నమును ఏ వర్ణములకు సమానమో అవి పరస్పరము సవర్ణములు. బాహ్యప్రయత్నములు, అనఁగా శ్వాసనాదములు, ఘోషాఘోషములు, అల్పప్రాణమహాప్రాణములు మొదలైనవి, సావర్ణ్యమును నిర్ణయించుటలో లెక్కకు రావు. ఆదేశములలో మిక్కిలి దగ్గఱి వర్ణమును ఏఱుటకు మాత్రము వచ్చును. నాసిక నోటికి వెలుపలిది గావున మకారపు ముక్కు పలుకుఁగూడ సావర్ణ్యమునకు అడ్డుగాదు. కావుననే ప, ఫ, బ, భ, మ లైదును సవర్ణములు. 'పు' అనిన నైదింటికిని జెల్లును.

ఈ విధానము సూత్రలాఘవమునకై చేయఁబడినదని విద్యార్థులు వల్లించుట కలదు. లాఘవమున్నమాట నిజమే. కాని పాణిని లెక్కకుఁ దీసికొన్న లక్షణములేవి, విడిచినవేవి యని యొక్కసారి యద్దము ముందు నిలిచి పరీక్షించిన నాశ్చర్యము కలుగును. పెదవులు కలియుట కనఁబడును. కలిసి విడుట కనఁబడును. కంఠములో నాదము పుట్టినదా లేదా యనునది కనఁబడదు. ఊపిరి హెచ్చో తగ్గో కనఁబడదు. కొండనాలుక దిగి గాలి ముక్కుఁ బట్టినదా యనునది కనఁబడదు. అనఁగా ఓష్ఠ్యముల విషయమున పాణిని సవర్ణము లనినవియు, పెదవులను జదువువాని కంటికి ఒకటే యైనవియు నొక్కటే! పాట, బాట, మాట యను మూఁడు మాటలను ధ్వని లేక పలికి చూపినచో ఎంత నేర్పుగల కన్నును వానిని విడఁదీయలేదు. పెట్టు, బెట్టు, మెట్టు మూఁడు నట్టివే. పంటయు మంటయు నొక్కటే యగుట మఱింత చిక్కు. పత్తిధూళి నిండిన కార్ఖానాలో నొకఁడు 'మంట' యని పెదవులతోఁ గేకవేసినచోఁ జూచినవాఁడు పంటను గూర్చి తలంపవచ్చును. అందువలన నట్టిచోట పెదవితోపాటు చేయి గూడఁ గదలును.

దంతోష్ఠ్యమగు వకారమును గన్ను పకారమునుండి వేఱుగాఁ బట్టును. తకారమున నాలుకకొన పండ్ల వెనుక మెఱయును. మూర్ధన్యము కొంత, తాలవ్యము కొంత తెలియును. కవర్గ మైదును నోటిలోపలి చీఁకటిలో నడఁగియుండి యుండియు లేనట్లే. అచ్చులలో ఉ, ఒలకు పెదవులు గుండ్రమగును, ఇకారమునకు సాగును, అకారమునకుఁ దెఱచుకొనును. దీర్ఘహ్రస్వభేదము చెవిదేగాని కంటిది కాదు.

ఇప్పుడు చెవివైపు లెక్కను, కంటివైపు లెక్కను ప్రక్కప్రక్కనఁ బెట్టవలయును. మిల్లర్, నైస్లీ యను నిరువురు అమెరికా పరిశోధకులు 1955లో ఆంగ్లభాషలోని 16 హల్లులను మ్రోఁతలోఁ గలిపియు, హెచ్చుశ్రుతులను గోసివేసియు జనులకు వినిపించి, యే హల్లు నేదిగాఁ బొరపడుదురో పట్టికలు వేసిరి. ఫలిత మిది. నాదమున్నదా లేదా, ముక్కుపలుకా కాదా యనునవి మ్రోఁతలోఁ గూడ నిలుచును. స్థానము, అనఁగా పెదవా, పండ్లా, కంఠమా యనునది, అన్నిటికంటె ముందుగా నశించును. చెవి ముందుగాఁ బోఁగొట్టుకొనునది స్థానము; కన్ను చక్కఁగాఁ జూచునది స్థానమే. కన్ను చూడలేనివి ఘోషానునాసిక్యములు. చెవి కడవఱకుఁ బట్టుకొనియుండునవి యవియే. పాణిని ఆస్యమునకుఁ జెందినవని యొకకుప్పగాను, బాహ్యములని మఱియొక కుప్పగాను బోసిన లక్షణములను విధి కంటికిని జెవికిని బంచియిచ్చినట్లున్నది. ఇందు అతిశయోక్తి లేదు, చిన్న మినహాయింపు మాత్ర మున్నది: కవర్గమువంటి లోపలి వర్ణములకు ఈ పంపకమునఁ గంటికి దక్కునది శూన్యము. 1954లోనే సంబీ, పొలాక్ అనువారు మ్రోఁత హెచ్చుకొలఁది పలుకువాని ముఖము చూచుటవలనఁ గలుగు లాభ మధికమగునని చూపియుండిరి. చెవి మంచిగానున్నవాఁడు తాను జెవితోనే వినుచున్నాననుకొనుట మ్రోఁత లేనందువలనఁ గలిగిన భ్రమ.

తెలుఁగు సంధులకును ఈ లెక్క వర్తించును. ద్రుతముమీఁది పరుషము సరళమగునపుడు 'వినెను + పాట' యనునది 'వినెఁ బాట' యగును; కంటి కా మార్పు లేదు. గసడదవాదేశమున 'వాఁడు పోయె' యనునది 'వాఁడు వోయె' యగునపుడు మాత్రము మార్పు పెదవిమీఁదఁ గనఁబడును. చిన్నయసూరి పరుషసరళములను విడఁదీసినది చెవి పంచాయతీయే.

కావ్యరసికుల కిచ్చట నిరోష్ఠ్యము జ్ఞప్తికి రాఁగలదు. దండి దశకుమారచరితమున మంత్రగుప్తుఁడు ప్రియురాలి దంతక్షతముచే పెదవి నొచ్చినందునఁ దన కథనంతయు ఓష్ఠ్యములు లేకయే చెప్పును. తెలుఁగున మరింగంటి సింగరాచార్యుఁడు దశరథరాజనందనచరిత్రమును నిరోష్ఠ్యముగా రచించెను. ఆలంకారికులు దీనిని దుష్కరచిత్రముగా మెచ్చిరి. పెదవిని జదివి బ్రదుకువాని వైపునుండి చూచినచో అందుఁ గంటి కందు నక్షరములన్నిటిలోను స్పష్టమైనవే తొలఁగింపఁబడినవి. అట్టి కావ్యము చెవి గలవారికే చెల్లు కావ్యము. కవి యట్లు తలంచియుండఁడనుట వేఱు.

కన్ను చెవికి సాయముచేయుట మాత్రమే కాదు, ఒక్కొక్కప్పుడు దానిపై నధికారము చేయును. హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనువారు 1976లో 'నేచర్' పత్రికలోఁ బ్రకటించిన ప్రయోగము ప్రసిద్ధము. ఒక స్త్రీ ముఖము 'గ, గ' యని పలుకుచుండుటను జూపుచు, దానికి 'బ, బ' యను ధ్వనిని జతచేసిరి. చూచినవారిలో బెక్కండ్రకు వినఁబడినది 'ద, ద'. కన్నులు మూసికొన్నతోడనే 'బ, బ' యని వినఁబడును. తెఱచినతోడనే మరల 'ద'. మోసము తెలిసినవానికిని ఇట్లే యగును. చెవి ఓష్ఠ్యమనినది, కన్ను కంఠ్యమనినది, బుద్ధి నడుమనున్న స్థానమునకుఁ దీర్పు చెప్పినది. జతను దలక్రిందు చేసి పెదవులపై బకారమును, ధ్వనిలో గకారమును బెట్టినపుడు మాత్రము 'గబ', 'బగ' వంటి జంటలు వినఁబడినవి. పెదవులు కలిసినమాటను గాదనుటకు బుద్ధికి సాహసము చాలలేదు.

భర్తృహరి వాక్యపదీయ బ్రహ్మకాండమున శబ్దాభివ్యక్తిని గూర్చి మూఁడు మతములను బేర్కొనెను. ధ్వనులు ఇంద్రియమునకు సంస్కారము చేయుననునది యొకటి, శబ్దమునకే చేయుననునది రెండవది, రెంటికిని జేయుననునది మూఁడవది. ఇంద్రియసంస్కారమునకు అవధానమును, కంటి కాటుకను దృష్టాంతముగా నిచ్చెను. శ్రోత్రమును గూర్చిన విచారమునఁ గంటి దృష్టాంతము సహజముగనే వచ్చినది, కాని కన్నే శ్రోత్రమునకు సంస్కారము చేయవచ్చునను మాట యా మూఁటిలో లేదు. మెక్‌గర్కు ప్రయోగము నాలుగవ పక్షమునకుఁ దావిచ్చుచున్నది. దానిని బరిశీలింపవలసిన భారము శాస్త్రజ్ఞులది మాత్రమే కాదు, వైయాకరణులది గూడ.

కోరుట్లలోను, దాని చుట్టుపట్లను ఆఁడువారు బీడీలు చేయుదురు. ఒడిలోఁ జాట, చాటలోఁ దునికాకు, తంబాకు. వ్రేళ్లు చుట్టును, దారము కట్టును. సాంచె చప్పుడు లేదు. వాకిళ్లలోఁ గూడి కూర్చుండి మాటలతోఁ బ్రొద్దు గడపుదురు. ఇచ్చట వినికిడికి బాధ లేదనుకొనుట సహజము. కాని పనిచేయువారందఱి తలలును వంగియుండును. చూపు లాకుమీఁద నుండును. చెవి తగ్గిన యొక స్త్రీ యా గుంపులోఁ గూర్చుండెనేని, చుట్టును నిశ్శబ్దముగా నున్నను, చదువుటకు ముఖము దొరకదు. సిరిసిల్ల కార్ఖానాలోఁ జెవి పనికిరాక కన్ను సాగును. కోరుట్ల వాకిటఁ జెవి సాగుచుండఁగాఁ గన్నునకు సెలవు. సాంచెలమీఁద జీవితము గడపి చెవి పోఁగొట్టుకొన్న మగవాఁడు ఇంటికి వచ్చి బీడీలు చేయు భార్య ప్రక్కఁ గూర్చుండుట యా సీమలో నరుదు కాదు. ఆమె తల యెత్తక చెప్పిన మాట యతనికిఁ జేరదు.

జగిత్యాల ప్రాంతమునుండి వేలకొలఁది మగవారు గల్ఫుదేశములకుఁ బనికిఁ బోయిరి. ఏండ్లతరబడి యింటికిని వారికిని నడుమ నున్నది తంతి ఫోను. ఆ ఫోను 300 మొదలు 3,400 హెర్ట్జుల వఱకు మాత్రమే మోయఁగలది. దానిపై శ్రుతులను గోసివేయును. సకారమున కెక్కువ బలమున్నది ఆ కోసివేసిన భాగముననే. చెవులు మంచివైనను ఫోనునందు ఊరిపేరో మనుష్యుని పేరో తెలియక, అక్షరమునకొక మాట చెప్పి 'సీత సా' యని గుఱుతుపట్టింపవలసివచ్చెడిది. అనఁగా తంతి ఫోను ప్రతివానికిని నేఁతగాని చెవిని గొంతసేపు అరువిచ్చెడిది. తరువాతఁ జేతిఫోనునందు ముఖము గనఁబడుట వచ్చినపుడు చెవి తగ్గిన తలిదండ్రులును, పుట్టుకతోఁ జెవుడైన తోఁబుట్టువులును మొదటిసారి యా సంభాషణలలోఁ బాలుగొనఁగలిగిరి.

ఇంతవఱకుఁ జెప్పినది భాష వచ్చినపిదపఁ జెవి పోయినవారినిగూర్చి. పెదవిమీఁద పాటయో మాటయో తెలియనపుడు వారు సందర్భమునుబట్టి యేరుకొందురు, ఏలయన రెండు మాటలును వారి బుద్ధిలో ముందుగా నున్నవి. పుట్టుకతోఁ జెవుడైన శిశువున కా మూలధనము లేదు. అమరసింహుఁడు విశేష్యనిఘ్నవర్గమున ఏడమూకశబ్దమున కర్థము చెప్పుచు, పలుకుటయందును వినుటయందును అశిక్షితుఁడని చెప్పెను. వ్యాఖ్యాతలు దీనిని సామర్థ్యము లేనివాఁడని సరిపెట్టిరి. అమరుని మాట యట్లు సరిపెట్టుకొనఁదగినది కాదు. శిక్షణ లేనివాఁడని చెప్పుటలో, శిక్షణ యిచ్చినచో నగునను నర్థ మిమిడియున్నది. ధర్మశాస్త్రకారులు మాత్రము వేఱుత్రోవ త్రొక్కిరి. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున పుట్టుచెవిటిని, మూఁగను దాయభాగమునకు అనర్హులలోఁ జేర్చి తిండిబట్టలకు మాత్రము ఏర్పాటుచేసినది. కల్యాణి చాళుక్యుల కాలపు విజ్ఞానేశ్వరుఁడు మితాక్షరలో దోషము చికిత్సచేఁ దొలఁగినచో భాగము వచ్చునని కొంత సడలించెను. 1928లో బ్రిటిషిండియాలో నీ నిషేధమును దొలఁగించు శాసనము వచ్చినను నైజాము రాజ్యము దాని యెల్లలకు వెలుపల నుండెను. 1956 నాఁటి హిందూ వారసత్వశాసనపు 28వ సెక్షను అంగవైకల్యము వారసత్వమునకు అడ్డుగాదని నిర్ణయించినపిదపఁ గాని యీ సీమలోని చెవిటివానికిఁ దండ్రి పొలముపై నిస్సంశయమైన హక్కు గలుగలేదు.

శిక్షణ యెట్లను విషయమున నైరోపాలో రెండు మతములు పుట్టినవి. పదునెనిమిదవ శతాబ్దిలోఁ బారిసున నబె ద లెపే సైగలతోఁ జదువు చెప్పెను. లైప్‌జిగ్గున హైనికె 1778లో పాఠశాల తెఱచి పెదవిని జదివి నోటితోఁ బలుకుటయే మార్గమనెను. 1880లో మిలానులోఁ గూడిన బోధకుల మహాసభ సైగలను వెలివేసినది. ఆ తీర్మానమువలనఁ దరములకొలఁది పిల్లలు, పాట, బాట, మాట విడఁదీయలేని కంటినే యేకైకద్వారముగాఁ జేసికొనవలసివచ్చినది. 2010లో వాంకూవరు మహాసభ యా తీర్మానమునకు విచారము తెలిపినది. నడుమ 1960లో విలియం స్టోకీ అను పండితుఁడు సైగభాష వట్టి యభినయము గాదని చూపెను. చేతి యాకారము, అది నిలుచు స్థానము, కదలిక యను అవయవములచేఁ బ్రతిసైగయు నేర్పడుననియు, ఒక్క యవయవము మాఱినచో నర్థమే మాఱుననియు నిరూపించెను. స్థానకరణప్రయత్నములతో వర్ణములను వివరించుట నేర్చినవారికి ఇది పరాయిశాస్త్రముగాఁ దోఁపరాదు. వర్ణమన్నది చెవికే యుండవలెనను నియమము మాత్రమే సడలినది.

తెలుఁగు కుటుంబములలో పుట్టుచెవుడు కొంత యెక్కువగాఁ గనఁబడుటకు మేనరికములును, మేనమామ వివాహములును గారణములలో నొకటి. తల్లికిఁ దండ్రికి నొకే బీజదోషము గుప్తముగా నుండి బిడ్డయందు బయల్పడును. నేఁడు పుట్టిన కొలఁదినాళ్లకే పసిబిడ్డ వినికిడిని యంత్రముతోఁ బరీక్షింపవచ్చును. 2007లో నారంభమైన ఆరోగ్యశ్రీ పథకము క్రింద పేదపిల్లలకుఁ జెవిలో విద్యుద్యంత్ర మమర్చు శస్త్రచికిత్సలు జరిగినవి. కాని యా యంత్రము ధ్వనిని జేర్చునేగాని భాషను జేర్చదు. మొదటి మూఁడేండ్లలో సైగయో పలుకో యేదియు దొరకని బిడ్డకుఁ దరువాత నేది దొరకినను గుంటువడియే వచ్చును. అమరుఁడు చెప్పిన అశిక్షితత్వ మదియే. అది బిడ్డ దోషము కాదు.

పాఠశాలలలోఁ జెవి తగ్గిన పిల్ల లనేకులు గుర్తింపఁబడక కూర్చుండియుందురు. ఉపాధ్యాయుఁడు నల్లబల్లవైపు తిరిగి వ్రాయుచుఁ బాఠము చెప్పినంతసేపును వారికి స్థానము పోవును, మిగిలినది ఘోషమాత్రము. కిటికీని వెనుకఁ బెట్టుకొని నిలిచినచో ముఖము నీడవడును. మీసము పెదవిమీఁదికి వ్రాలినను చిక్కే.

వర్ణమాలయందును ఒక విశేషమున్నది. క, చ, ట, త, ప యను వరుస కంఠమునుండి పెదవికి వచ్చును. అనఁగా మిక్కిలి మఱుఁగైనదానితో మొదలై మిక్కిలి తేటపడినదానితో ముగియును. వినుపిల్లలకిది చక్కని వరుస. చూచి నేర్చుకొను బిడ్డకు తలక్రిందులు. అట్టివారికిఁ బలుకు నేర్పువారు సాధారణముగా పవర్గముతో మొదలుపెట్టుదురు. వినికిడి బాగున్న శిశువులును తొలుతఁ బట్టుకొనునది అమ్మ, అప్ప యను పెదవిపలుకులనే. పుట్టుగ్రుడ్డి పిల్లలు కంటికిఁ గనఁబడు నీ పలుకులందు ఇతరులకంటె నెక్కువగాఁ దడఁబడుదురని ఆన్ మిల్స్ అను పరిశోధకురాలు 1987లోఁ జూపెను.

పవర్గముతో మొదలుపెట్టినను పాట, బాట, మాటల చిక్కు తీఱదు. ఆ చిక్కును విప్పుటకు బోధకులు చెవిని గన్నును రెంటిని విడిచి బిడ్డ చేతిని బట్టుకొందురు. ఒక చేతిని దమ కంఠముమీఁదను, రెండవచేతి వ్రేలిని ముక్కు ప్రక్కను బెట్టించి మూఁడు మాటలను వరుసగాఁ బలుకుదురు. పకారమున కంఠము కదలదు. బకారమునఁ గంఠ మదరును. మకారమున ముక్కుమీఁది వ్రేలు గూడ నదరును.